బొగ్గు బొమ్మ, కిక్రి పాట: మన పెద్దలు మనసును ఎట్ల కాపాడుకున్నరు



పోస్టు పొడుగు అయితది, ముందే చెప్తున్న. హాస్టల్‌లో ఉన్నవాళ్లు, హాస్టల్‌లో తమ్ముడో చెల్లెనో ఉన్నవాళ్లు మాత్రం చివరి దాకా చదవండి. నేను బీఏ హిస్టరీ రెండో సంవత్సరం. మా ఇంట్లో కాలేజీ దాకా వచ్చింది నేనే మొదలు. రాసే తీరులో తప్పులుంటే పెద్దలు దిద్దండి.

ఈ జూన్‌లో మా చిన్నమ్మ కొడుకు ఆరో తరగతిలో చేరిండు, ఆశ్రమ పాఠశాలలో. నెల తిరగకముందే బడి నుంచి ఫోను, ఇంటివాళ్లు ఎవరైనా రావాలని. చిన్నాయనకు తెలుగు అంతంతమాత్రమే, పైగా పత్తి విత్తే రోజులు. నన్ను పొమ్మన్నరు, పోయిన.

వాడు చేసిన తప్పు ఏందంటే, వంటశాల వెనక నుంచి బొగ్గు ముక్క తెచ్చి, తన మంచం పక్కన సున్నం గోడ మీద బొమ్మలు గీసిండు. "గోడంతా ఖరాబు చేసిండు చూడు. రాత్రిళ్లు ఏడుస్తడు, ఏమైందిరా అంటే నోరు విప్పడు" అని సారు చెప్పిండు. ఆయన మాటలో కోపం ఉంది, కొంచెం అలసట కూడా ఉంది. వంద మందికి పైగా పిల్లలు, చూసేది ఇద్దరో ముగ్గురో.

నేను పోయి గోడ చూసిన. ఎడ్ల బండి, రెండు మేకలు, వాటి పక్కన చేతులు పట్టుకొని వరసగా నిలబడ్డ మనుషులు. లెక్కపెడితే తొమ్మిది మంది. మా చిన్నమ్మ ఇంట్లో ఉండేది ఎనిమిది మందే. తొమ్మిదో మనిషి ఎవరని గోండిలో అడిగిన. చాలాసేపు చూసి, మెల్లగ "నాయనమ్మ" అన్నడు. ఆ ముసలామె మే నెలలో పోయింది. వాడు జూన్‌లో బడికి వచ్చిండు.

గోడ తుడవమన్నరు. ఇద్దరం కలిసి తడిబట్టతో తుడిచినం. బొగ్గు ఒక పట్టాన పోదు. తుడిచినాక కూడా తొమ్మిది మంది బూడిద రంగులో అట్లనే కనబడ్డరు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా సంగతి యాదికొచ్చింది. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మా తాత పోయిండు. కబురు నాకు చేరేసరికి మట్టి కూడా అయిపోయింది. చదువు పాడైతదని చెప్పలేదట. నాకు ఏడుపు రాలేదు. అన్నం తిన్న, లెక్కలు చేసిన, ఆట పీరియడ్‌లో కబడ్డీ ఆడిన. తర్వాత కర్మకు ఇంటికి తీసుకుపోయిన్రు. ఆ రోజు మా పరధాన్ వచ్చిండు. గోనెపట్ట మీద కూర్చొని, కిక్రి ఒళ్లో పెట్టుకొని, కమానుతో ఒక్క గీత గీసిండు. ఇంకా పాట కూడా మొదలు కాలేదు. నాకు ఒక్కసారిగా దుఃఖం పొంగుకొచ్చింది. పక్కన మా నాన్న, పెద్దనాన్నలు, అత్తలు అందరూ ఏడుస్తున్నరు. ఎవరూ ఎవరినీ ఊరుకోమనలేదు. పరధాన్ మా వంశం కథ ఎత్తుకున్నడు. చాలాసేపు పాడిండు. పాట అయిపోయేసరికి నాకు ఆకలైంది. తాత పోయినాక నాకు నిజంగా ఆకలైంది ఆ రోజే.

ఈమధ్య చాలామంది "పిల్లల మనసు బాగుండడానికి బొమ్మలు వేయించాలి, పాటలు పాడించాలి, నాటకాలు ఆడించాలి" అని మాట్లాడుతున్నరు. మా కాలేజీలో కూడా ఒక సారు వచ్చి చెప్పిపోయిండు. మంచి మాటే. కానీ వింటున్నంతసేపు నా మనసులో ఒకటే తిరిగింది. ఇది మనకు కొత్త సంగతా? మన దగ్గర ఉన్నదే కదా. ఉన్నది ఎక్కడ పోయింది, ఎట్ల పోయింది? హిస్టరీ చదివేవాడిగా అదే రాద్దామనుకున్న. నేను గోండును, కాబట్టి ఎక్కువ మా సంగతే రాస్తున్న. కోయ, కొలాం, తోటి, నాయకపోడ్, సవర, బగత, ఇంకా అందరూ మీ మీ సంగతి కింద కలపండి.

దండారి ఎందుకు పెట్టుకున్నరు

ఆశ్వయుజ పున్నమికి జోడేఘాట్‌లో కుమ్రం భీం వర్ధంతి. ఆ తర్వాత రోజుల్లోనే ఊర్లల్ల దండారి మొదలు. ఏడాదంతా కట్టిపెట్టిన వాయిద్యాలను బయటికి తీసి పూజ చేస్తరు. గుమేల, పర్ర, డప్పు, పెప్రె అన్నీ మేలుకుంటయి. దీక్ష పట్టిన గుస్సాడీలు ఒంటికి బూడిద పూసుకొని, నెమలి ఈకల టోపీ పెట్టుకొని, భుజానికి మేకతోలు వేసుకొని, చేతిలో రోకల్ పట్టుకుంటరు. దీక్ష ముగిసే దాకా స్నానం చెయ్యరు. గోదావరి ఒడ్డున గుడిరేవులో పద్మల్‌పురి కాకో దగ్గరికి దండారి జట్లు పోయి మొక్కుతయి. దీపావళి దాటినాక కోలబొడితో ముగుస్తది.

ఇది మీకందరికీ తెలిసిందే. దీన్ని ఇంకో వైపు నుంచి చూడమని అడుగుతున్న. మనసు సంగతి అనుకొని ఒక్కసారి చూడండి.

మొదటిది, దానికి ఒక టైం ఉంది. ఎవరికి బాధ ఉందో, ఎవరికి లేదో అని పేర్లు పిలిచి వరసలో నిలబెట్టరు. ఆ రోజులు వచ్చినయంటే ఊరంతా వాయిద్యం దగ్గరికి రావాలి. "నాకు మనసు బాలేదు" అని నోరు తెరిచి చెప్పలేనివాడు కూడా ఆ సందులో వచ్చి కలుస్తడు, ఏమీ చెప్పకుండనే.

రెండోది, ఒక ఊరి జట్టు ఇంకో ఊరికి పోవాలి. పోయిన జట్టుకు ఎదురొచ్చి, కాళ్లకు నీళ్లిచ్చి, అన్నం పెట్టి, వాళ్లతో కలిసి తెల్లార్లు ఆడాల్సిన బాధ్యత ఆ ఊరిది. అంటే ఆడినవాడి ఆటకు జవాబు ఉంటది. సంబంధాలు కలుస్తయి, పాత పగలు కొన్ని చల్లబడ్తయి, ఎవరింట్లో ఎవరు పోయిన్రో, ఎవరికి పంట రాలేదో తెలుస్తది.

మూడోది, గుస్సాడీ వేషం. మా ఊర్లో ఒకాయన ఉంటడు. ఏడాదంతా నాలుగు మాటలు మాట్లాడడు. బూడిద పూసుకొని టోపీ పెట్టుకున్నడంటే ఆయన అరుపులు, గంతులు, కోతి చేష్టలు చూసి ఊరంతా కడుపు పట్టుకొని నవ్వుతది. ఎవరూ తప్పు పట్టరు. ఎందుకంటే ఆ రోజుల్లో ఆయన మీద ఎత్మసూర్ పేన్ ఉన్నడు. అదే గుస్సాడీ రోకల్‌తో తాకితే రోగం పోతదని ముసలోళ్లు, పిల్లతల్లులు ఎదురుగా వచ్చి నిలబడ్తరు. రోగం పోతదా లేదా అన్న వాదన నేను చెయ్యను. ఏడాదిలో ఒక్కసారైనా ఊరి మనిషి ఒకడు వచ్చి నీ నొప్పి ఉన్న చోట తాకుతడు. అది చిన్న విషయమేం కాదు.

నాలుగోది, పిల్లలకు అందులో పని ఉంది. పక్కన నిలబడి చప్పట్లు కొట్టడం కాదు నేను చెప్పేది. మగపిల్లలకు చీర కట్టి పోరిక్ వేషం వేస్తరు. ఎనిమిదో తరగతిలో దీపావళి సెలవులకు వచ్చినప్పుడు నేనూ వేసిన. మా చిన్నమ్మ చీర కాళ్లకు అడ్డం పడి రెండుసార్లు బోర్లా పడ్డ. అందరూ నవ్విన్రు, నేను కూడా నవ్విన. బడిలో తెలుగు తప్పు మాట్లాడితే నవ్వే నవ్వుకు, ఈ నవ్వుకు చాలా తేడా ఉంది. ఇక్కడ పడ్డోన్ని లేపి మళ్లీ వరసలో పెడ్తరు.

దుఃఖానికి కూడా చోటు పెట్టిన్రు

సంతోషం సరే, ఏడుపు సంగతి? పరధాన్లు, తోటీలు మన కథలు మోసేవాళ్లు. సగ సగకు, పాడి పాడికి ఉన్న కథ వాళ్ల నోట్లోనే ఉంది. మనకు రాసిన పుస్తకాలు తక్కువ. మొన్న మొన్ననే నార్నూర్ దగ్గర గుంజాలలో గోండి లిపి రాతప్రతులు బయటపడ్డయి, 2018లో ఆ లిపి యూనికోడ్‌లో కూడా చేరింది. అది మన గర్వం. కానీ తరతరాలుగా ఊరూరా మన చరిత్రను మోసింది మాత్రం కిక్రి. పెండ్లికి, పేన్ పూజకు, చావు కర్మకు పరధాన్ ఉండాల్సిందే. అతనికి ధాన్యం, బట్ట, పశువు ఇచ్చే బాధ్యత ఆ ఇంటిది. ఆ బంధం అతని ఇష్టం మీదో, మన దయ మీదో ఉన్నది కాదు, పుట్టుకతో వచ్చింది. అందుకే చావు ఇంట్లో "ఎవరు పిలవాలె, ఎవరు ఏడిపించాలె, ఎవరు ఓదార్చాలె" అనే ప్రశ్నే రాదు.

కేస్లాపూర్ నాగోబా జాతర పుష్య అమావాస్యకు. మెస్రం వంశం వాళ్లు హస్తినమడుగు నుంచి గోదావరి నీళ్లు కాలినడకన తెస్తరని, కొత్త కోడండ్లకు భేటింగ్ చేస్తరని టీవీలో చూపిస్తరు. టీవీలో అంతగా చూపించనిది ఒకటుంది. పెద్ద పూజకు ముందు మర్రిచెట్ల దగ్గర తూమ్ చేస్తరు. మెస్రం వంశంలో పోయినవాళ్ల పేరు మీద చేసే కర్మ అది. అంత దూరం నడిచి వచ్చిన జనం ముందు పోయినవాళ్లను తలుచుకొని, వాళ్ల ముచ్చట ముగించుకొని, ఆ తర్వాతనే కొత్త కోడలిని దేవుని ముందుకు తీసుకపోతరు. ఏ పుస్తకం చదివి ఈ వరస పెట్టిన్రో మన పెద్దలు!

మార్లవాయి బడి

1940లో జోడేఘాట్‌లో భీంను చంపినాక, గోండులు ఎందుకు తిరగబడ్డరో తెలుసుకోవాల్సిన అవసరం నిజాం ప్రభుత్వానికి పడింది. వియన్నాలో పుట్టిన హైమన్‌డార్ఫ్ అప్పటికి హైదరాబాద్ రాజ్యంలో ఉన్నడు. రెండో ప్రపంచ యుద్ధం వల్ల ఆయన బ్రిటిష్ వాళ్ల లెక్కలో శత్రుదేశం మనిషి. ఆయన, ఆయన భార్య ఎలిజబెత్ వచ్చి మార్లవాయిలో గుడిసె వేసుకొని ఉన్నరు. 1987లో ఆమె పోయినప్పుడు కూడా మార్లవాయిలోనే మట్టి చేసిన్రు. ఇప్పటికీ ప్రతి జనవరిలో మనోళ్లు అక్కడికి పోయి దండం పెడ్తరు.

వాళ్ల కాలంలో, 1943లో, మార్లవాయిలో టీచర్ల ట్రైనింగ్ సెంటర్ పెట్టిన్రు. గోండు యువకులనే టీచర్లను చేసిన్రు. మొదటి వాచకాలు గోండి మాటల్లో, దేవనాగరి అక్షరాలతో అచ్చు వేసిన్రు. చదువు చరిత్రలో ఇది పెద్ద సంగతి అని అందరూ రాస్తరు. నాకు ఇంకోటి కనిపిస్తది. ఆరేండ్ల పిల్లవాడు బడికి వచ్చి "నాకు కడుపు నొస్తుంది", "నాకు అమ్మ యాదికొస్తుంది", "నిన్న మా మేక చచ్చింది" అని సొంత మాటలో చెప్తే అర్థమయ్యే సారు ఎదురుగా ఉన్నడు. ఏడ్చే పిల్లకు కావాల్సిన మొదటి మందు అదే.

తర్వాత పోలీస్ యాక్షన్ అయింది. 1956లో ఆదిలాబాద్ ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. బడి తెలుగు బడి అయింది, గోండి వాచకాలు మూలకు పడ్డయి. తెలుగు నేర్చుకోవడం తప్పు అని నేను అనను. ఇప్పుడు నేను రాస్తున్నది తెలుగులోనే కదా. కానీ పిల్లవాడు తెలుగు నేర్చుకునే దాకా వాడి దుఃఖం ఏ భాషలో చెప్పుకోవాలె? మా తమ్ముడు గోడ మీద చెప్పిండు. దానికి వాడికి తడిబట్ట ఇచ్చినం.

ఇంద్రవెల్లి: ఏడవనియ్యని ఊరు

1981 ఏప్రిల్ 20. ఇంద్రవెల్లి సంత రోజు. భూముల కోసం, పంటకు సరైన ధర కోసం మీటింగ్. అనుమతి రద్దయిందన్న కబురు చాలా ఊర్లకు చేరలేదు. జనం వచ్చిన్రు. పోలీసులు కాల్పులు జరిపిన్రు. సర్కారు లెక్కలో చనిపోయింది 13 మంది. మనోళ్లు చెప్పే లెక్క దానికి ఎన్నో రెట్లు ఎక్కువ.

ఈ గ్రూపులో ఈ సంగతి తెలియనివాళ్లు ఉండరు. నేను చెప్పదల్చుకున్నది తర్వాతి ఏండ్ల సంగతి. అమరుల పేరు మీద స్థూపం కట్టిన్రు. దాన్ని కూల్చిన్రు. మళ్లీ కట్టిన్రు. చాలా ఏండ్లు ఏప్రిల్ 20 వచ్చిందంటే 144 సెక్షన్, దారుల మీద పోలీసులు. కొడుకు పోయిన తల్లి స్థూపం దగ్గరికి పోయి పూలు పెట్టి ఏడ్వడానికి కూడా భయపడాల్సిన రోజులు అవి. నేను పుట్టకముందు సంగతి ఇది. కానీ మా దగ్గరి ఊర్లల్ల కొన్ని ఇండ్లల్ల ముసలోళ్లు ఇప్పటికీ ఆ రోజు సంగతి అడిగితే లేచి లోపలికి పోతరు. కర్మ జరిగింది, పాట జరగలేదు. మనిషిని కోల్పోయిన ఊరికి నలుగురు కూడి పాడుకునే హక్కు కూడా పోయింది. రెండు దెబ్బలు. మొదటి దెబ్బ గురించి చాలామంది రాసిన్రు. రెండోది ఎంత లోతుగా తగిలిందో మన ఇండ్లల్లనే చూడొచ్చు.

ఈమధ్య ఏండ్లలో అక్కడికి పోయి నివాళి అర్పించే వీలు కలిగింది. పోయినవాళ్లు దయచేసి ఒక పని చేయండి. జెండా పట్టుకొని ఫొటో దిగి వచ్చేయకుండా, పక్కన ఉన్న ముసలామె దగ్గర కాసేపు కూర్చోండి. ఆమె పాడితే వినండి. పాడకపోతే కూడా కూర్చోండి.

జన్‌గఢ్ కథ, జాగ్రత్తగా చదవండి

ఇప్పుడు మన రాష్ట్రం దాటి మధ్యప్రదేశ్‌కు పోదాం. అక్కడి పరధాన్ గోండులు కూడా పాటగాళ్లే. వాళ్ల వాయిద్యం పేరు బానా. డిండోరి జిల్లా పాటన్‌గఢ్‌లో 1960ల మొదట్లో జన్‌గఢ్ సింగ్ శ్యామ్ అనే పిల్లవాడు పుట్టిండు, పేద ఇంట్లో. దాతల ఇండ్లు తగ్గిపోయి, పాటతో కడుపు నిండని కాలం అది. అతను మట్టి గోడల మీద బొమ్మలు వేసేటోడు. భోపాల్‌లో భారత్ భవన్ కట్టే రోజుల్లో, చిత్రకారుడు జె. స్వామినాథన్ పంపిన మనుషులు ఊర్లు తిరుగుతూ ఆ గోడ చూసిన్రు. అతన్ని భోపాల్ తీసుకపోయిన్రు. అప్పటి దాకా పాటలో ఉన్న బడాదేవ్‌ను, అడవి జంతువులను అతను రంగుల్లోకి తెచ్చిండు. భోపాల్‌లో విధాన భవన్ గోడల మీద అతని బొమ్మలున్నయి. 1989లో పారిస్‌లో పెద్ద ప్రదర్శనలో అతని పని పెట్టిన్రు. ఈరోజు గోండు చిత్రకళ అని ప్రపంచం పిలిచేది చాలావరకు అతని చేతి నుంచి మొదలైందే. అతని వెనక ఆ ఊరు ఊరే బొమ్మలు వేస్తూ బతుకుతోంది.

నేను మొదట ఇది చదివినప్పుడు ఎంత సంతోషపడ్డనో. చూసినవా, ఒక పిల్లవాడి గోడ బొమ్మను తుడవమనకుండా ఒకరు ఆగి చూస్తే ఎంత అయిందో! మా సారుకు చూపియ్యాలనుకున్న.

తర్వాత చివరి పేజీ చదివిన. 2001లో జన్‌గఢ్ జపాన్‌లో ఒక మ్యూజియం కోసం బొమ్మలు వేస్తున్నడు. అక్కడే తన ప్రాణం తానే తీసుకున్నడు. వయసు నలభై దగ్గర.

మనిషి అట్ల ఎందుకు చేసుకుంటడు అన్నదానికి ఒక్క కారణం చెప్పడం తప్పు, నేను చెప్పను. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఈ పోస్టు "బొమ్మ వేస్తే బాధ పోతది" అని రాద్దామని మొదలుపెట్టిన. అతను రోజూ బొమ్మలే వేస్తున్నడు కదా!

చాలా రోజులు ఆలోచిస్తే నాకు తోచింది ఇది. పరధాన్ కిక్రి పట్టినప్పుడు ఎదురుగా ఇల్లంతా కూర్చొని ఉంటది. దండారి జట్టు పోయినప్పుడు ఎదురు ఊరు నిలబడి ఉంటది. తూమ్ దగ్గర వంశమంతా ఉంటది. మన పెద్దలు ఏనాడూ పాటను ఒక్కడి మీద వదిలిపెట్టలేదు. భాష తెలియని దేశంలో, గదిలో, ఇయ్యాల్సిన పని కింద బొమ్మలు వేసే మనిషికి ఆ ఎదుటి మనిషి లేడు. రంగులు ఉన్నయి, కాయితం ఉంది, పేరు కూడా ఉంది. మనసును పట్టి నిలిపేది అవి ఒక్కటే అనుకుంటే పొరపాటు. పాడినవాడికి జవాబు చెప్పే మనిషి కావాలె.

స్టేజీ మీద ఐదు నిమిషాలు

2021లో మార్లవాయికి చెందిన కనక రాజుకు గుస్సాడీకి పద్మశ్రీ వచ్చింది. 2022లో మణుగూరు దగ్గరి కోయ పాటగాడు సకిని రామచంద్రయ్యకు, సమ్మక్క సారలమ్మ కథ డోలు మీద పాడేటాయనకు, పద్మశ్రీ వచ్చింది. ఇద్దరూ 2024లోనే వెళ్లిపోయిన్రు. రామచంద్రయ్య జూన్‌లో, కనక రాజు అక్టోబర్‌లో. ఒక్క ఏడాదిలో రెండు పెద్ద చెట్లు కూలినట్టయింది.

సన్మానాలు రావాలె, ఇంకా రావాలె. కానీ ఆగస్టు 9న మన పిల్లలతో ఏం చేయిస్తున్నమో చూడండి. నెల రోజులు రిహార్సల్. ఐదు నిమిషాల ఆట. గెస్టులు కుర్చీల్లో. అడుగు తప్పితే తిట్లు, గెలిస్తే కప్పు. కప్పు ఆఫీసు బీరువాలోకి పోతది. అదే పిల్ల రాత్రి దుప్పటి ముసుగేసుకొని ఏడుస్తది, అది ఎవరి లెక్కలో లేదు. ఆట మిగిలింది, ఆటకు ఎదురొచ్చే ఊరు పోయింది.

మన పాత పద్ధతిలో అన్నీ మంచివే అని కూడా నేను అనను. వాయిద్యం చేతికి ఇవ్వడానికి ఆడపిల్లలకు ఇప్పటికీ అడ్డు చెప్పే ఊర్లున్నయి. తాగి గొడవ చేసి పండుగ పాడుచేసేవాళ్లూ ఉన్నరు. కొత్తగా మొదలుపెట్టే చోట అవి వదిలేద్దాం.

మేము చేస్తున్నది

ఆ బడి సారు దగ్గరికి మళ్లీ పోయిన. కొట్లాటకు పోలేదు, అడగడానికి పోయిన. ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి ఐదు దాకా డైనింగ్ హాల్ ఇమ్మన్న. కాసేపు ఆలోచించి "గోడల మీద మాత్రం వద్దు" అన్నడు. పాత క్యాలెండర్లు ఇచ్చిండు. వాటి వెనక వైపు తెల్లగా ఉంటది కదా. బొగ్గు, సుద్ద, ఎర్రమట్టి మేమే తెచ్చుకున్నం. రెండు వారాలకు ఒకసారి నేను పోతున్న, మధ్యలో పదో తరగతి పిల్లలు ఇద్దరు చూసుకుంటరు. మొదలుపెట్టి మూడు నెలలు. మాకు తెలిసొచ్చినవి ఇవి:

పోటీ పెట్టొద్దు. ఫస్టు, సెకండు అన్నమా, మర్నాటి నుంచి అందరూ జెండా, నెమలి, సూర్యుడు గీస్తరు.

"ఇది ఏంది?" అని వెంటనే అడగొద్దు. పక్కన కూర్చొని మనం కూడా ఏదో ఒకటి గీసుకోవాలె. ఒక కొలాం పిల్లవాడు మూడు వారాలు ఒక్క చెట్టే గీసిండు. నాలుగో వారం తనంతట తనే అది ఇప్పచెట్టు అన్నడు. దాని కింద వాళ్ల అక్క కూర్చుంటదని చెప్పిండు. అక్క కనబడలేదు బొమ్మలో. నేను అడగలేదు. ఐదో వారం గీసిండు.

ఏ భాషలో పాడితే ఆ భాషలో పాడనియ్యాలె. గోండి, కొలామి, లంబాడి, మరాఠి, తెలుగు, ఏదైనా సరే. అర్థం కానోడు దరువు వేస్తడు. దరువుకు భాష అక్కరలేదు.

చివర అందరూ గుండ్రంగా నిలబడి ఒక్క ఆట ఆడాలె, ఎవరినీ బయట నిలబెట్టకుండా. ఒంట్లో బాగలేనివాడు మధ్యలో కూర్చొని తాళం వేస్తడు.

ఇంట్లో ఎవరైనా పోతే పిల్లలకు చెప్పండి. ఇది తల్లిదండ్రులకు నా దండం. చదువు పాడైతదని దాచొద్దు. కర్మకు తీసుకపోండి. పరధాన్‌నో, తోటినో, మీ దగ్గర ఎవరు పాడితే వాళ్లను పిలవండి, ఆయన రావడానికి ఛార్జీలు, ఆయనకు ఇయ్యాల్సింది మర్యాదగా ఇయ్యండి. డీజేకు ఇచ్చే దాంట్లో నాలుగో వంతు చాలు.

ఇంకో మాట, ఇది అన్నిటికంటే ముఖ్యం. పాటలు, బొమ్మలు డాక్టరుకు బదులు కావు. తిండి మానేసినవాడు, నిద్ర పోనివాడు, చచ్చిపోతా అనే మాట నోట వచ్చినవాడు ఉంటే వాణ్ని ఒంటరిగా వదలొద్దు. పెద్దవాళ్లకు చెప్పండి, పీహెచ్‌సీకి తీసుకపోండి. టెలీ మానస్ 14416కు ఫోను చేస్తే పైసలు పడవు, రాత్రి పగలు ఎప్పుడైనా ఎత్తుతరు, తెలుగులో మాట్లాడుతరు. నంబరు హాస్టల్ తలుపు మీద రాసి పెట్టుకోండి. సిగ్గు పడేది ఏం లేదు. జ్వరానికి పోతం కదా.

ఇప్పుడు మీ దగ్గర ఒకటి అడుగుతున్న. మీ ఊర్లో కిక్రి, డోలు, పెప్రె, ఏ వాయిద్యమైనా వాయించే పెద్దమనిషి ఇంకా ఉన్నడా? ఆయన దగ్గర నేర్చుకునే పిల్లలు ఉన్నరా? ఊరి పేరు, వాయిద్యం పేరు కింద రాయండి చాలు. ఆయన ఒప్పుకుంటే తప్ప పేరు, నంబరు పెట్టొద్దు. ఏ హాస్టల్‌కు ఏ ఊరు దగ్గరో చూసి, ఆదివారం ఒక గంట ఆయన్ని పిలుచుకునే ఏర్పాటు చేసుకుందాం. ఆడపిల్లల హాస్టల్ నుంచి ఎవరైనా అక్కలు ముందుకు వస్తే ఇంకా మంచిది. జోల పాటలు, నాట్ల పాటలు మీకే ఎక్కువ తెలుసు.

మా తమ్ముడి సంగతి చెప్పి ఆపేస్త. రాత్రి ఏడుపు పూర్తిగా పోలేదు, తగ్గింది. పోయిన ఆదివారం క్యాలెండర్ వెనక మళ్లీ ఆ తొమ్మిది మందినే గీసిండు. ఈసారి నాయనమ్మను కొంచెం దూరంగా, చెట్టు పక్కన పెట్టిండు. చెయ్యి మాత్రం వదల్లేదు, పొడుగ్గా గీసి కలిపిండు. ఆ కాయితం మడిచి చిన్నమ్మకు ఇయ్యమని నాకిచ్చిండు. ఇచ్చిన. చిన్నమ్మ దాన్ని చూసి ఏడ్చింది, తర్వాత బియ్యం డబ్బా పైన గోడకు అంటించింది.

దండారికి వస్తున్నడు వాడు. ఈసారి పోరిక్ వేస్తడట. నిన్న ఫోన్ చేసి అడిగిండు, "అన్నా, అమ్మ చీర నాకు పొడుగైతదా?" అని. అయితది, రెండుసార్లు పడ్తవు అని చెప్పిన.

జై సేవా. మీ జవాబుల కోసం చూస్తుంట.